ఎర్రమట్టి ఊరిలో ప్రార్థన వేళలు

విశాఖపట్నం నుండి కిరండూల్ వెళ్ళే పాసింజరు బండిలో ఒక్కసారైనా ప్రయాణం చేసిన చదువరులకు ఆ దారిని గురించి మేము వేరుగా చెప్పనవసరం లేదు. ఉదయం కొత్తవలస దాటింది మొదలు అనంతగిరి కొండలు, యాభైకి పైగా సొరంగాలు, అరకు లోయ, కోరాపుట్, జయపురం, జగదల్‌పూర్, దంతెవాడ. చీకటి పడిన తరువాత ఎప్పటికో బచేలి, ఆపైన కిరండూల్. ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపాను దేశపు ఉక్కు కొలుములకు చేరవేయడానికి 1960వ దశకంలో వేసిన మార్గమిది. ఖనిజపు బండ్లు బరువుగా దిగి వస్తుంటే మన పాసింజరు వాటికి దారి ఇచ్చి, ఆగి ఆగి కొండ ఎక్కుతుంది. బస్తరుకు వచ్చిన తెలుగువాడు నేర్చుకునే మొదటి పాఠం ఓర్పు. అది ఈ బండిలోనే ఆరంభమవుతుంది.

బైలడిల్లా అంటే ఎద్దు మూపురమని అర్థం. దూరం నుండి చూస్తే కొండ వరుస అలాగే ఉంటుంది. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరండూల్ వద్ద 14వ డిపాజిట్‌ను, 1977లో బచేలి వద్ద 5వ డిపాజిట్‌ను ప్రారంభించిన నాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి జిల్లాల వారెందరో ఈ కొండల నీడకు చేరారు. వారు వెంట తెచ్చుకున్న ట్రంకు పెట్టెలలో ఆవకాయ జాడీలతో పాటు కొందరి పెట్టెల అడుగున నల్ల అట్ట బైబిలు, దానితో జంటగా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండేవి. అటువంటి పెట్టెతో వచ్చినవారిలో మేమూ ఒకరం.

మా వరుసలో నాలుగవ క్వార్టరులో ఒక వృద్ధురాలు ఉండేవారు. కుమారుడు ప్లాంటులో ఉద్యోగి. రాజమహేంద్రవరం దగ్గరి పల్లె వారిది. ఆమె పేరు కాలనీలో చాలామందికి తెలియదు. అందరికీ ఆమె మామ్మగారే. బుధవారం సాయంత్రపు కూటము వారి వరండాలో జరిగేది. పదిహేనుమంది కూర్చుంటే నిండిపోయే వరండా అది. జగదల్‌పూర్ నుండి అయ్యగారు నెలకొకసారి వచ్చేవారు. వర్షాకాలంలో ఆ ఒక్కసారి కూడా అనుమానమే. మిగిలిన వారాలలో వాక్యం చదివి నాలుగు మాటలు చెప్పే పని మాలో ఎవరికి షిఫ్టు లేకపోతే వారిది.

మామ్మగారి ప్రార్థనా పద్ధతి మేము మరెక్కడా చూడలేదు. గోడకు తగిలించిన క్యాలెండరులో ప్రతి తేదీ క్రింద చిన్న అక్షరాలతో పేర్లు వ్రాసుకునేవారు. ఎవరికి ఏ-షిఫ్టు, ఎవరికి బి-షిఫ్టు, ఎవరికి సి-షిఫ్టు అని. ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం రెండు గంటలకు, రాత్రి పది గంటలకు సైరను మ్రోగగానే చేతిలో ఉన్న పని విడిచి, ఆ వేళ కొండ ఎక్కుతున్నవారి పేర్లు ఒక్కొక్కటిగా చదివి ప్రార్థించేవారు. ఆ జాబితాలో క్రైస్తవుల పేర్లు సగం కూడా ఉండేవి కావు. ఎదురింటి ఒరియా ఫిట్టరు, వెనుక వరుసలోని మలయాళీ ఎలక్ట్రీషియను, హల్బీ తప్ప వేరే భాష రాని సమీప గ్రామపు సహాయకుడు, అందరూ ఉండేవారు. షిఫ్టు మారితే ఆమెకు వెంటనే కబురు పంపాలి. పంపకపోతే, "రాత్రంతా వేరేవాళ్ళకి కాపలా కాయించావు కదా నాయనా!" అని మరునాడు చీవాట్లు.

బస్తరులో తెలుగు క్రైస్తవం మా తరంతోనే మొదలైందని మేము మొదట అనుకున్నాము. ఆ అజ్ఞానాన్ని జగదల్‌పూర్‌లోని లాల్ చర్చి పోగొట్టింది. పూత లేని ఎర్ర ఇటుకల కట్టడం కనుక ఊరివారు దానిని అలా పిలుస్తారు. దాని అసలు పేరు చందయ్య స్మారక మెథడిస్టు చర్చి. తొలిసారి ఆ పేరు చదివినప్పుడు మా ఇంటావిడ మోచేతితో మమ్మల్ని పొడిచి, "ఇది మనవాళ్ళ పేరులా లేదూ?" అన్నారు. 1890వ దశకంలో జగదల్‌పూర్‌లో మెథడిస్టు సేవకు పునాది వేసిన సి.బి. వార్డు అంతకు ముందు నిజాం రాజ్యంలో పనిచేసినవారు. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి వచ్చి బస్తరు రాజ్యం స్థాపించాడని, దంతేశ్వరి అమ్మవారు కూడా అతని వెంటనే వచ్చిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. తెలుగు నేల నుండి ఈ అడవికి దారి ఎంత పాతదో, ఆ దారిన ఎన్ని రకాల భక్తులు నడిచారో ఆలోచిస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఉద్యోగులమైన మనకు ఇంకా దగ్గరి కథ దుమ్ముగూడెంలో ఉన్నది. భద్రాచలానికి ఎగువన గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరు బస్తరు సరిహద్దుకు ఎంతో దూరం కాదు. సర్ ఆర్థర్ కాటన్ క్రింద పనిచేసి గన్నవరం అక్విడక్టు కట్టిన ఇంజనీరు ఎఫ్.టి. హెయిగ్, గోదావరిని ఎగువ దాకా పడవల రాకపోకలకు అనువుగా మలిచే పనులకు ఆ ప్రాంతానికి వచ్చారు. చుట్టూ కోయ గూడేలు. ఆయన కోరికపై 1860ల ఆరంభంలో అక్కడ చర్చి మిషనరీ సొసైటీ సేవ మొదలైంది. దానికి తొలి బోధకుడు విదేశీయుడు కాదు. ఆ పనులలోనే ఉద్యోగిగా ఉండి, బైబిలు చదివి విశ్వాసంలోకి వచ్చిన వెంకటరామరాజు అనే తెలుగువాడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాల పాటు కోయల మధ్య ఉండి వారి భాష నేర్చుకున్నారు. జలరవాణా పథకం 1870వ దశకంలో మూలబడింది. ప్రభుత్వం లెక్కలో ఆ పని విఫలం. కాని ఆ పనికని వచ్చిన ఒక గుమాస్తా తరగతి ఉద్యోగి నాటిన మొక్క నిలిచింది. కొండకు అటువైపు జయపురంలోనూ అంతే. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుండి వచ్చిన లూథరన్ మిషనరీలతో మొదలైన సంఘం నేటికీ ఆ ప్రాంతంలో పెద్దది. మన రైలు దాని మీదుగానే పోతుంది.

ఇంత చరిత్ర ఉన్నా, తెల్లవారితే ఎదురయ్యే ప్రశ్నలకు చరిత్ర జవాబు చెప్పదు. బదిలీ కోరుకోవాలా, వద్దా? అమ్మాయిని హాస్టలుకు పంపాలా? పై అధికారితో మాట పట్టింపు వస్తే ఎక్కడ తగ్గాలి, ఎక్కడ తగ్గకూడదు? విశ్వాసి ఇటువంటి ప్రశ్నలను దేవుని ముందు పెడతాడు. జవాబు ఏ విధంగా వస్తుందన్నదే చిక్కు.

తెలుగు క్రైస్తవ కుటుంబాలలో సంవత్సరాది రాత్రి ఒక ఆచారం ఉన్నది. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిసిన తరువాత పళ్ళెంలో చిన్న కార్డులు త్రిప్పుతారు. ప్రతి కార్డు మీద బైబిలు వచనం ఒకటి అచ్చయి ఉంటుంది. ఎవరి చేతికి వచ్చినది వారికి ఆ ఏటి వాగ్దానం. పిల్లలకు సంబరం, పెద్దలకు గుండె దడ. ఒక ఏడు మాకు హైదరాబాదు బదిలీకి అవకాశం వచ్చింది. ఊరిలో మా అమ్మ ఒంటరిగా, అనారోగ్యంగా ఉన్నది. ఇక్కడ చూస్తే అమ్మాయి పదవ తరగతి. ఆ కార్డుతో తేల్చుకోవచ్చునని ఎదురు చూశాము. మాకు వచ్చిన కార్డులో ప్రయాణంలో తోడుంటానన్న వాగ్దానం. మా ఇంటావిడకు వచ్చినదానిలో కదలక నిలిచి ఉండమన్న మాట! ఒకే పళ్ళెం, ఒకే ఇల్లు.

మరునాడు రెండు కార్డులూ పట్టుకొని మామ్మగారి వద్దకు వెళ్ళాము. ఆమె కళ్ళద్దాలు సవరించుకొని రెండూ చదివి నవ్వారు.

"దేవుడు చీటీలు పంచే ఆసామి కాదు నాయనా. పిల్ల చదువు సంగతి కూర్చుని మాట్లాడుకున్నారా? మీ అమ్మగారిని ఏమనుకుంటోందో అడిగావా? అక్కడ ఇల్లెంతో, జీతంలో మిగిలేదెంతో లెక్క వేశారా?"

"లేదండీ మామ్మగారూ."

"మరి ఇవన్నీ చూడకుండా ఆయన్ని అడగడమేంటి? చూడాల్సినవి చూసి, అప్పుడు మోకరించండి. మీకు తెలిసిందాన్ని దాచుకుని తెలియందాన్ని అడిగితే ఆయనేం చెప్తాడు?"

మా అమ్మను ఉత్తరం వ్రాసి అడిగాము. "పిల్ల పరీక్షలయ్యాక రండి" అని జవాబు వచ్చింది. లెక్కలు వేశాము, మోకరించాము, బదిలీ వదులుకున్నాము. పరీక్షలు కాకముందే అమ్మ పోయింది. బండి జయపురంలో నాలుగు గంటలు ఆగిపోయిన ఆ ప్రయాణాన్ని ఇక్కడ వర్ణించబోము. ఆ నిర్ణయం దైవ నడిపింపేనని కొందరు బంధువులు మమ్మల్ని ఓదార్చారు. గుండె మీద చేయి వేసుకొని మేము ఆ మాట నేటికీ చెప్పలేము. ప్రార్థించి తీసుకున్న నిర్ణయం తప్పు కాజాలదని అనేవారిని చూస్తే మాకు కొంచెం అసూయ కలుగుతుంది, కొంచెం అనుమానమూ కలుగుతుంది.

మరొక సంగతి. ఇది బస్తరుకు రాకముందు, వేరొక సంస్థలో మేము కుర్ర ఉద్యోగిగా ఉన్నప్పటిది. కన్వేయరు బెల్టుల వెంట నడవా పొడవునా ఒక త్రాడు ఉంటుంది. ఎవరైనా బెల్టులో చిక్కుకుంటే ఆ త్రాడు లాగగానే స్విచ్చి పడి బెల్టు ఆగిపోవాలి. షిఫ్టు మొదట్లో ఆ స్విచ్చులన్నీ పరీక్షించి రిజిస్టరులో సంతకం చేయడం మా విధి. ఒక జోరువాన రాత్రి మేము నడవా చివరిదాకా పోకుండానే సంతకం పెట్టాము. అంతకు ముందు ఎందరో అలా పెట్టినవారే. షిఫ్టు సజావుగా ముగిసింది.

మరునాటి రాత్రి కుటుంబ ప్రార్థన. రోజుకొక అధ్యాయం వరుసగా చదవడం మా ఇంటి అలవాటు. ఆనాడు చదివే వంతు మా ఇంటావిడది. లూకా సువార్త పదహారవ అధ్యాయము. యజమాని పత్రాలలో అంకెలు మార్చి వ్రాయించిన గృహనిర్వాహకుని కథ. నిజానికి ఆ కథ మాకు ఎన్నడూ సరిగా అర్థం కాలేదు. యజమాని అతనిని ఎందుకు మెచ్చుకున్నాడన్నది అయ్యగార్లు తలా ఒక విధంగా చెబుతారు. కాని ఆ రాత్రి పత్రం, సంతకం అన్న ఆలోచన దగ్గరే మా మనస్సు ఆగిపోయింది. నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్ళి ఫోర్‌మన్‌గారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాము.

"నువ్వు చెప్పకపోతే ఎవడికి తెలుస్తుందయ్యా?" అన్నారాయన, చిరాకుగా. అయినా మనిషిని పంపి చూపించారు. చివరి రెండు స్విచ్చులు తుప్పు పట్టి బిగుసుకొని ఉన్నాయి. త్రాడు లాగితే కదలలేదు. వాటిని మార్చారు. మాకు మెమో ఇచ్చారు, రావలసిన పదోన్నతి ఒక ఏడాది వెనక్కి పోయింది. న్యాయమే.

చాలా ఏళ్ళ తరువాత ఈ ఉదంతం మామ్మగారికి చెప్పి, "ఆ రాత్రి నిద్ర పట్టనివ్వనిది దేవుడంటారా, ఉద్యోగ భయమంటారా?" అని అడిగాము. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "స్విచ్చి బాగుపడిందా లేదా?" అన్నారు. బాగుపడిందని చెప్పాము. "మరింకేం" అని మళ్ళీ చేట వైపు తలవంచారు.

కూటములో మా భాష తెలుగు. చుట్టూ ఉన్న ఊళ్ళలో గోండీ, సంతలో హల్బీ. దక్షిణాన కోంటా వైపు దోర్లవారి మాటలో మాత్రం తెలుగు కలిసి వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలలో సేవ చేసిన పురుషోత్తమ చౌధురి (1803-1890) వ్రాసిన కీర్తనలను మేము కంజీరా వాయించి పాడుకుంటుంటే, కట్టెలు అమ్ముకొని తిరిగి పోతున్న స్థానిక స్త్రీలు మెట్ల మీద కూర్చొని వినేవారు. చౌధురిగారు వంగదేశపు మూలాలు గలవారు, 1833లో కటకంలో బాప్తిస్మము పొందినవారు. పాటలు మాత్రం నూటికి నూరుపాళ్ళు తెలుగు. ఒక భాషలోని భక్తి మరొక భాషవారి చెవికి ఎలా చేరుతుందో మాకు తెలియదు. ఆ స్త్రీలలో ఒకరు కూటముకు క్రమంగా రావడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు మానివేశారు. ఊరిలో మాటలు పడవలసి వచ్చిందని తరువాత తెలిసింది.

ఈ విషయాన్ని దాటవేయడం నిజాయితీ అనిపించుకోదు. మనవంటి ఉద్యోగికి విశ్వాసం ఇంటిలోని వ్యవహారం. పోతే నాలుగు పరిహాసపు మాటలు పడతాము, అంతే. గ్రామంలోని ఆదివాసీ విశ్వాసికి అది బావి నీరు, పొలం గట్టు, శ్మశానం దాకా పోయే వ్యవహారం. గ్రామదేవతల కొలువులు, పంటల పండుగలు ఊరంతా కలిసి చేసుకునే చోట ఒక ఇల్లు వెనుకకు తగ్గితే, ఊరు తన ఐక్యతకే దెబ్బ తగిలిందనుకుంటుంది. ఆ బాధనూ అర్థం చేసుకోవాలి. కాని 2022 డిసెంబరులో నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాలలో అనేక క్రైస్తవ కుటుంబాలు ఇళ్ళు విడిచి చలిలో తలదాచుకోవలసి రావడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. 2025 జనవరిలో దర్భా ప్రాంతపు ఛిందవాడ గ్రామంలో ఒక పాస్టరు మరణిస్తే భూస్థాపన ఎక్కడ అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. దాదాపు ఇరవై రోజులు ఆయన దేహం జగదల్‌పూర్‌లో శవాగారంలోనే ఉండిపోయింది. సొంత భూమిలో చేసుకోనివ్వాలని ఒక న్యాయమూర్తి, క్రైస్తవులకు కేటాయించిన స్థలంలోనే జరగాలని రెండవ న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు. దేహం ఇంకా వేచి ఉండరాదని, జనవరి 27న ఇద్దరూ కలిసి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని కర్కాపాల్‌లో భూస్థాపన జరపాలని ఆదేశించారు.

ఆ వార్త చదివిన రోజున మాకు మామ్మగారి భూస్థాపన గుర్తుకు వచ్చింది.

అది ఒక ఆగస్టు నెల. నాలుగు రోజులుగా ఎడతెగని వాన. అరకు ఘాటులో కొండచరియలు పడి బండ్లు ఆగిపోయాయి. మామ్మగారు తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశారు. సొంత ఊరిలో భర్త సమాధి ప్రక్కన స్థలం ఉంచుకున్నారని మాకందరకూ తెలుసు; చిన్నపిల్ల బొమ్మను గురించి చెప్పుకున్నట్లు ఆమె ఆ స్థలాన్ని గురించి చెప్పుకునేవారు. దేహాన్ని రోడ్డు మీదుగా తీసుకొనిపోదామంటే వాగులు పొంగి ఉన్నాయి. కుమారుడు వరండాలో చాలాసేపు మౌనంగా కూర్చొని, చివరకు "ఇక్కడే చేద్దామండీ" అన్నాడు. అయ్యగారు రాలేరు. ఆరాధన క్రమం మేమే చదవవలసి వచ్చింది.

కాలనీకి వెలుపల క్రైస్తవుల సమాధుల కోసం విడిచిన చిన్న స్థలం ఉన్నది. ఎర్రమట్టి వానకు బంకగా మారి పారకు అంటుకుపోతున్నది. త్రవ్వినకొద్దీ నీరు ఊరుతున్నది. సి-షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చిన ఒరియా ఫిట్టరు, మలయాళీ ఎలక్ట్రీషియను చెప్పులు విడిచి గోతిలో దిగారు. హల్బీ మాట్లాడే సహాయకుడు తన ఊరి నుండి మరి ఇద్దరిని వెంటబెట్టుకొని వచ్చాడు. వారు ఏ సంఘానికీ చెందినవారు కారు. డబ్బాలతో నీరు ఎత్తిపోస్తూ, వెదురు తడికలు అడ్డం నిలుపుతూ మధ్యాహ్నానికి పని పూర్తి చేశారు. అతను మాతో అన్న మాట మాకు సగమే అర్థమైంది. ఆమె రాత్రిళ్ళు తన పేరు కూడా పలికేదని అతనికి ఎవరో చెప్పారట.

సాయంత్రం అందరూ వెళ్ళిన తరువాత వరండాలో కుర్చీలు సర్దుతుంటే గోడ మీది క్యాలెండరు కంటబడింది. ఆ వారమంతటికీ పేర్లు ముందే వ్రాసి ఉన్నాయి. మా పేరు ఆ నాటి తేదీ క్రింద, సి-షిఫ్టు వరుసలో ఉన్నది. భూస్థాపన కోసమని మేము సెలవు పెట్టిన సంగతి ఆమెకు తెలిసే అవకాశం లేదు. ఆ రాత్రి పది గంటలకు సైరను మ్రోగినప్పుడు మా ఇంటావిడ ఆ క్యాలెండరు తీసుకొని దీపం దగ్గర కూర్చొని పేర్లు చదవడం మొదలుపెట్టారు. కొన్ని పేర్లు ఎలా పలకాలో తెలియక మధ్య మధ్య మమ్మల్ని అడిగారు.